నాలుగు ప్రాణాలు, ఒక దోమతెర

ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. గుడారం కొని చూడు అని మాత్రం అనలేదు. వాళ్ళ రోజుల్లో సంసారికి ఆ అవసరం రాలేదు గనుక అనలేదనుకుంటాను. రాజులకు డేరాలుండేవి, సర్కసు వాళ్ళకుండేవి, సర్వేకు వచ్చే దొరలకుండేవి. తక్కినవాళ్ళు దారిలో పొద్దుగూకితే ఏ సత్రం అరుగు మీదనో, చెట్టు కిందనో దుప్పటి ముసుగు పెట్టి పడుకునేవారు. తెలుగు పాఠాలు చెప్పుకుని బతికేవాణ్ణి, ఒక మాట చెప్పకుండా ఉండలేను. డేరా అన్నది బయటినుంచి వచ్చిన మాట. దోమతెర అచ్చంగా మనది. పెండ్లిపీటల మీద అడ్డుతెర, తోలుబొమ్మలాటకు తెర, మంచానికి దోమతెర - మూడూ ఒక్క ఇంటి ఆడపడుచులే. ఈ భేదం నాకు తరవాత చాలా పనికివచ్చింది.

ఇంతకూ గుడారం అవసరం ఎందుకు వచ్చిందో చెప్పాలి గదా. మా కాపురం తిరుచానూరు. మా ఆవిడ పుట్టిల్లు ఆత్మకూరు - నెల్లూరు ఆత్మకూరు కాదు, నల్లమల అంచున ఉన్న ఆత్మకూరు. శివరాత్రికి ముందు జనం ఆ ఊరి మీదుగా వెంకటాపురం చేరి, అక్కడ అడవిలో అడుగుపెట్టి, నాగలూటి, పెద్దచెరువు, భీమునికొలను, కైలాసద్వారం దాటి శ్రీశైలం పోతారు. 14వ శతాబ్దంలో ప్రోలయ వేమారెడ్డి శ్రీశైలానికి సోపానాలు కట్టించాడంటే, అంతకు ముందునుంచే కాళ్ళు ఎంత నొచ్చి ఉంటాయో ఊహించుకోవచ్చు. మా మామగారు ఏటా ఆ దారిన నడిచినవారు. పదేళ్ళ వయసులో మా ఆవిడ ఆయన వెంట నడిచింది. పెద్దచెరువు దగ్గర రాత్రి తండ్రీ బిడ్డలిద్దరూ ఒకే కంబళిలో పడుకున్నారట. ఆయన పోయి రెండేళ్ళయింది. "నాయన నడిచిన దారి పిల్లలకు ఒక్కసారి చూపిస్తే చాలు" అని ఆమె కోరిక.

ఎదురుగా శేషాచలం పెట్టుకుని నల్లమల దాకా పోవడమెందుకని మీరడగవచ్చు. తుంబురు తీర్థం, రామకృష్ణ తీర్థం ముక్కోటులకు మేమూ నడిచినవాళ్ళమే. కాని మా కొండల్లో మనకు తోచిన చోట పడక వేసుకోవడానికి లేదు, అది రక్షిత అడవి. 2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలోనే చిరుతపులి ఆరేళ్ళ పాపను ఎత్తుకుపోయింది. ఆ సంగతి తలచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది. గుడారమన్నది పులిని ఆపే వస్తువు కాదు. అందుకనే అటవీశాఖవారు దారి తెరిచిన రోజుల్లో, వేలమంది నడుమ పడుకోవడమే సంసారులకు క్షేమం. నల్లమల దారి శివరాత్రికీ, ఉగాదికీ అట్లా తెరుస్తారు.

సరే, కోరిక ఆమెది, షరతూ ఆమెదే. "పురుగు దూరే సందు ఉంటే మాత్రం నేను పిల్లల్ని తీసుకురాను" అంది. ఆ మాట వెనక ఒక జ్వరం ఉంది.

నిరుడు కార్తీకంలో, అమ్మవారి పంచమీ తీర్థానికి ఊరంతా జనంతో కిటకిటలాడుతున్న రోజుల్లో, మా అమ్మాయికి జ్వరం తగిలింది. దానికి పదమూడేళ్ళు. అంతకు పది రోజుల ముందు స్వర్ణముఖి ఒడ్డున పొదల్లో తోటి పిల్లలతో ఆడి వచ్చింది. ఆరో రోజుకు పిల్ల పిలిచినా కళ్ళు తెరవడం లేదు. డాక్టరుగారు ఒళ్ళంతా వెతికి, చంక కింద సిగరెట్టుతో కాల్చినట్టున్న నల్లని మచ్చ ఒకటి పట్టుకున్నారు. స్క్రబ్ టైఫస్ అన్నారు. మన చిత్తూరు సీమలో ఇది కొత్త జబ్బేమీ కాదట. పొదల్లో, గడ్డిలో కాచుకుని ఉండే ఒక పురుగు పిల్లదశలో కుడితే వస్తుంది. ఆ పిల్లపురుగు పొడుగు మిల్లీమీటరులో అయిదో వంతు! డాక్సీసైక్లిన్ మాత్రలు పడ్డాక రెండో నాటికి జ్వరం దిగింది. కాని ఆసుపత్రి బల్ల మీద కూర్చుని గడిపిన ఆ రాత్రులు మా ఆవిడ కళ్ళలోంచి దిగలేదు.

అంచేత మా వెతుకులాట లోకం వెతుకులాటకు తలకిందులుగా మొదలయింది. దొరల పుస్తకాలు గుడారమనగానే వాన మాట ఎత్తుతాయి, గాలి మాట ఎత్తుతాయి. మాకు మొదట పురుగు, తరవాత బరువు, తరవాత డబ్బు, ఆ పిమ్మట వాన. డబ్బు అయిదు వేలకు మించడానికి లేదు. బరువు నేనొక్కణ్ణే మోయగలిగినంత ఉండాలి, ఎందుకంటే నీళ్ళూ, బట్టలూ, తొమ్మిదేళ్ళ మా వాడు అలిసిపోతే వాడి సంచీ మా ఆవిడ పాలు.

మా కాలేజీలో ఫిజిక్సు లెక్చరరుగారి దగ్గర నలుగురు పట్టే గుడారం ఉంటే, చూసి ఇస్తానని తెచ్చాను. మేడ మీద వేశాం. సిమెంటులో మేకులు దిగవు గనుక నాలుగు మూలలూ నీళ్ళ డ్రమ్ములకు కట్టాం. రాత్రి నలుగురం దాంట్లోకి దూరడం చూసి పక్కింటి పెద్దామె, "ఏం సారూ, ఇల్లు బాడుగకిచ్చేసినారా?" అని అడిగింది. దోమ ఒక్కటి దూరలేదు, ఆ మాట ఒప్పుకోవాలి. తెల్లవారి చూస్తే లోపలి గోడలు చెమట పట్టి దుప్పట్లు చెమ్మగిల్లాయి. బయట మంచు చల్లదనం, లోపల నలుగురి ఊపిరి, నడుమ గాలాడని గుడ్డ - మన ఊపిరే నీళ్ళయి మన మీద పడుతుంది. లోపల వల, పైన విడిగా కప్పూ ఉన్నవాటిలో ఈ బాధ తక్కువ. కాని అవి మా అయిదు వేలకు అందవు, అందినవి బరువు తగ్గవు. మేడ మీదిది కిరాణా అంగడి కాటాలో 5 కిలోల 400 తూగింది. నల్లమల ఎక్కుడులో దాన్ని మోసేవాడు శివుణ్ణి తలుచుకోడు, గుడారం అమ్మినవాణ్ణి తలుచుకుంటాడు.

అప్పుడు తోచింది నాకు, ఈ రెండు పనులూ ఒకే గుడ్డ ఎందుకు చెయ్యాలని? పురుగుకు తెర, మంచుకు కప్పు. రెండూ విడివిడిగా ఉంటే గాలి ఆడుతుంది, అవసరం లేనప్పుడు కప్పు మడిచి పెట్టుకోవచ్చు.

అయితే మంచానికి కట్టే మామూలు దోమతెర పనికిరాదు. అది దోమ ఎగురుతూ వస్తుందని నమ్మి చేసిన వస్తువు. అడవిలో శత్రువు నడిచి వస్తాడు - చీమ, తేలు, గోమారి, పైన చెప్పిన ఆ కంటికానని పురుగు. తెర అంచు చాప కింద ఎంత దోపినా నిద్రలో ఒక కాలు కదిలితే కోట గుమ్మం తెరుచుకున్నట్టే. నేల తెరతో కలిపి కుట్టి ఉండాలి. ఆ నేలగుడ్డ అంచు చుట్టూ జానెడు ఎత్తు పైకి లేచి, అక్కడినుంచి వల మొదలు కావాలి. ఈ జానెడు గోడతో రెండు లాభాలు. అయిదో వంతు మిల్లీమీటరు పురుగుకు ఏ వల కన్నమైనా సింహద్వారమే, గుడ్డ మాత్రం గోడ. రెండోది, పక్కకు దొర్లిన పిల్ల చెయ్యి వలకు ఆనితే దోమ బయటినుంచే కుడుతుంది. గుడ్డకు ఆనితే కుట్టలేదు.

ఇక వల. తిరుపతి గాంధీ రోడ్డులో ఒక బట్టల అంగడికి స్కేలుబద్ద పట్టుకుని వెళ్ళి కన్నాలు లెక్కపెట్టడం మొదలుపెట్టాను. దోమతెరకు అంగుళం పొడుగున 12, అడ్డంగా 13, అంటే చదరపు అంగుళానికి 156 కన్నాలుండాలని లెక్క. అంగడివాడు కాసేపు చూసి, "మీటరు లెక్కన అమ్ముతాం సార్, కన్నాల లెక్కన కాదు" అన్నాడు. 156 కన్నాలు దోమకు చాలు. ఇసుక ఈగకు చాలవు. అది దోమలో మూడో వంతుంటుంది. 2003లో మన రాష్ట్రంలో 183 మంది పిల్లల్ని పొట్టన పెట్టుకున్న చండీపురా జ్వరాన్ని మోసింది ఆ ఈగేనని చెబుతారు. అందుచేత ఇంకా సన్నని వల తీసుకున్నాను. సన్నని వలలో గాలి తగ్గుతుంది, మే నెల అయితే ఉడికిపోతాం. శివరాత్రి చలికి ఫరవాలేదు.

దోమనుబట్టి మనవాళ్ళకు ఇంత భయం రావడానికి కారణం కూడా మన గడ్డమీదే దొరికింది. రోనాల్డ్ రాస్ దొర దోమ కడుపు కోసి మలేరియా జాడ కనుక్కున్నది సికింద్రాబాదులో, 1897 ఆగస్టు 20న. ఆయనకు నోబెల్ బహుమానం వచ్చింది. మనకు దోమలు మిగిలాయి.

కుట్టేవాడు ఎవడు? మా ఊళ్ళో షామియానాలు, బడిసంచులు కుట్టే దర్జీ ఒకాయన ఉన్నాడు. నోటుపుస్తకంలో బొమ్మ గీసి చూపించాను: నేల పొడుగు 2.1 మీటర్లు, వెడల్పు 2.4, నడుమ ఎత్తు 1.2. పైన కప్పు 3 మీటర్లకు 4. ఆయన కళ్ళజోడు సర్దుకుని, "అయివారూ, ఇది ఇల్లా, సంచా?" అన్నాడు. "రెండూ" అన్నాను. కప్పుకు రెండు పనాలు అతకాలి గదా, అతుకు నడికొప్పు మీద రానివ్వనన్నాడు. "అక్కడ తాడు రాసుకుంటాది. కుట్టు వాలుకు జారేటట్ల పెడతా. పెంకుమీద పెంకు పేర్చినట్ల మడత కుట్టు వేస్తే నీళ్ళు నిలవవు. కుట్టంతా కొవ్వొత్తి మైనం రుద్దుకోండి." ఇంగ్లాండులో ఈ తేలిక గుడారాల విద్యకు ఆద్యుడని పేరు పొంది, 1908లో దానికొక పెద్ద పుస్తకం రాసిన థామస్ హైరమ్ హోల్డింగ్ కూడా దర్జీయేనని నేను చెబితే, "మరి అయివారైతే ఎట్ల కుడతాడు?" అని మిషను తొక్కడం మొదలుపెట్టాడు.

లెక్క ఇది. పూత పూసిన నైలాను గుడ్డ 14 మీటర్లు, 2,590 రూపాయలు. వల 1,150. జిప్పు, దారం, తాళ్ళు, మేకులు 490. కుట్టుకూలి 700. మొత్తం 4,930. బరువు, అదే కిరాణా కాటాలో, 2 కిలోల 600. నిలబెట్టడానికి గడలు కొనలేదు, చేతికర్రలు రెండు ఎట్లాగూ ఉంటాయి. మిగిలిన 70 రూపాయలకు దర్జీకీ నాకూ టీ, బిస్కెట్లు.

ఇంత చేసినా బంధువుల్లో ఒకాయన పెదవి విరిచాడు, దుకాణంలో కొన్నదే మన్నుతుందని. ఆయనకు ఎమ్మా గేట్‌వుడ్ కథ చెప్పాను. పదకొండుమంది బిడ్డల తల్లి, 67 ఏళ్ళ ముసలమ్మ, 1955లో అమెరికాలో అపలేచియన్ కొండదారి రెండు వేల మైళ్ళూ ఒంటరిగా నడిచింది. ఆమె వెంట ఉన్న గుడారం స్నానాలగది తెర! "అది అమెరికా" అన్నాడాయన. ఆ మాటకు జవాబు ఎవరి దగ్గరా ఉండదు.

పెద్దచెరువు చేరేటప్పటికి పొద్దు వాలుతోంది. చెంచుగూడెం, అన్నదానం పందిళ్ళు, చెట్ల కింద ఎక్కడ చూసినా జనం. చాలామందికి నేల మీద పట్టా, పైన దుప్పటి, అంతే. గడ్డికి దూరంగా, తొక్కుడు పడి చదునైన చోటు చూసి, రెండు చెట్ల నడుమ తాడు లాగి పావుగంటలో తెర నిలబెట్టాం. లోపలికి పోయే ముందు బట్టలు మార్పించి, టార్చి వేసి పిల్లల చంకలు, మోకాళ్ళ వెనక, చెవుల వెనక వెతికింది మా ఆవిడ. వాన సూచన లేకపోయినా కప్పు కూడా కట్టమంది. మంచిదే అయింది, రాత్రంతా చెట్టుమీదినుంచి ఎండుటాకులూ చీమలూ రాలుతూనే ఉన్నాయి.

పడుకోబోతుంటే పక్క పట్టా మీదినుంచి పసిబిడ్డ ఏడుపు. బళ్ళారి వైపువాళ్ళు. ఆ తల్లికి ఇరవై ఏళ్ళుంటాయేమో, బిడ్డ మొహం మీదినుంచి కొంగుతో దోమలు తోలుతోంది. మా ఆవిడ నావైపు చూసింది. పెండ్లయిన పద్దెనిమిదేళ్ళకు కొన్ని చూపులకు వ్యాఖ్యానం అక్కరలేదు. నేను జిప్పు తీసి బయటికి వచ్చాను, తల్లీ బిడ్డా లోపలికి వెళ్ళారు. కప్పు వెడల్పు ఉన్నది గనుక తెర పక్కనే నాకొక చోటు దొరికింది.

ఆ రాత్రి పెద్దచెరువు దోమలు ఎట్లాంటివో నాకు తెలిసినంత మా ఇంట్లో ఎవరికీ తెలియదు. తెల్లవారుజామున లేచి చూస్తే తెర గోడ బయట నల్లచీమలు బారులు కట్టి దారి వెతుక్కుంటున్నాయి. లోపల మా అమ్మాయి పసిబిడ్డ మీద చెయ్యి వేసి నిద్రపోతోంది, చేతిమీద ఒక్క దద్దురు లేదు. "నాయన ఉంటే నవ్వేవాడు, అడవిలో మేడ కట్టినామని" అంది మా ఆవిడ. ఆ తరవాత భీమునికొలను మెట్లదాకా ఏమీ మాట్లాడలేదు.

ఇంటికి వచ్చాక రెండు వారాలు రోజూ పిల్లలిద్దరికీ జ్వరం చూసింది. రాలేదు. పదిహేనో రోజు థర్మామీటరు పెట్టెలో పెట్టేసింది. దర్జీ దగ్గరకు మళ్ళీ వెళ్ళాను. నేల వెడల్పు 2.4 బదులు 3 మీటర్లు చేయమని కొలతలిచ్చాను. ఇంకో పావుకిలో బరువు పెరుగుతుందట.