మారిషసు యాత్రకు ఏ మాసము మంచిది?

దూరదేశ యాత్ర తలపెట్టినపుడు "ఎంత ఖర్చగును?" అని యజమాని యడుగును. "ఎప్పుడు బయలుదేరుదుము?" అని పిల్లలడుగుదురు. ఇల్లాలు మాత్రము "ఏ కాలమున పోవలయును?" అని యడుగును. ఇంటిలో ఎవరికి చలిగాలి సరిపడదో, ఎవరికి మోకాళ్లు పట్టుకొనునో, పిల్లల పరీక్షలెప్పుడో ఆమెకు తెలిసినట్లు మరియొకరికి తెలియదు గదా!

మా యింట ఈ ప్రశ్న మారిషసు ద్వీపమును గూర్చి పుట్టినది. డెబ్బది రెండేండ్ల మా యత్తగారికి చిరకాలముగా ఒక కోరిక యుండెను. వారి పుట్టినింటివైపు పూర్వమెవరో ఓడయెక్కి యా దీవికి పోయి మరల రాలేదని ఆమె చిన్ననాట వినియుండిరి. ఆ దీవిలోని గంగా తలావ్ వద్ద శివరాత్రి చూడవలయునని ఆమె పట్టుదల. శివరాత్రినాటికి అచ్చట వానలు ముమ్మరమనియు, అది తుపానుల కాలమనియు మావారు వాదించిరి. "తీర్థమునకు పోవువారు వాన చూచి పోవుదురటనయ్యా?" అని ఆమె నవ్విరి. ఎటూ తేలక రెండేండ్లు గడచినవి. తుదకు నేనొకనాడు పంచాంగమును, ఆ దీవి వాతావరణ వివరములను ప్రక్కప్రక్కన పెట్టుకొని కూర్చుంటిని. నాకు తెలిసిన సంగతులు సోదరీమణులకును ఉపకరింపగలవని యిట వ్రాయుచున్నాను.

మారిషసు భూమధ్యరేఖకు దక్షిణమున ఇరువది డిగ్రీల దూరములో, మడగాస్కరు దీవికి తూర్పున సుమారు 900 కిలోమీటర్ల దూరమున నున్నది. పొడవు దాదాపు 65 కిలోమీటర్లు, వెడల్పు 45. భూమధ్యరేఖకు ఆవలనుండుటచే అచ్చటి ఋతువులు మనకు తలక్రిందులు. నవంబరు మొదలు ఏప్రిలు వరకు వేసవి, మే మొదలు సెప్టెంబరు వరకు శీతకాలము. అయినను చుట్టును సముద్రమగుటచే రెంటికిని భేదము స్వల్పము. వేసవిలో సగటు ఉష్ణము 25 డిగ్రీలకు దాపుగా నుండును, శీతకాలమున 20 డిగ్రీలు. కాబట్టి అచ్చట విచారింపవలసినది ఎండను గూర్చి కాదు, వానను, గాలిని గూర్చి.

మన పండుగల వరుసనే చూతము. సంక్రాంతితో మనకు పగళ్లు పెరుగుట స్పష్టమగును. ఆ దీవివారికి సూర్యుడు ఉత్తరమునకు తరలిపోవుచుండుటచే అదే దినములలో పగళ్లు తరుగుచుండును. మనకు పంట యింటికి వచ్చు వేళ వారికి నడివేసవి, తుపానుల కాలము. 2024 జనవరి 15వ తేదీన మనము సంక్రాంతి చేసికొనుచుండగా బెలాల్ అను తుపాను వచ్చి రాజధానియగు పోర్టు లూయీ వీథులను ముంచి, మోటారుబండ్లను కొట్టుకొనిపోయినది. అంతకు మించినది 1960 ఫిబ్రవరిలో వచ్చిన కేరల్ తుపాను. అది వేలకొలది యిండ్లను కూల్చినది. ఆ పిమ్మటనే ఆ దీవి ప్రజలు కొయ్యయిండ్లు మాని సిమెంటు కప్పులు వేసికొనుటకు ఎక్కువగా అలవాటుపడిరి. ఆ కాలమున తుపానులకు ఆడపేళ్లే పెట్టెడివారట! ప్రతి యేటను తుపాను దీవిని తాకునని కాదు. కాని జనవరి, ఫిబ్రవరి, మార్చి మాసములలో ఆ భయమున్నదని యెరిగి బయలుదేరవలయును.

ఫిబ్రవరి, మార్చి మాసములే అచ్చట మిక్కిలి వానకాలము. శివరాత్రియు, ఉగాదియు ఆ కాలముననే వచ్చును. ఉగాది యచ్చట ప్రభుత్వపు సెలవుదినము. తెలుగువారు ఉగాదిని వేడుకగా జరుపుకొందురు. కాని మన ఉగాదికి మామిడిపిందెలు వ్రేలాడుచుండగా, అచ్చటి మామిడికాపు అప్పటికే ముగియవచ్చియుండును. మనకు వసంతము, వారికి వేసవి చివర. పంచాంగమొక్కటియే, ఋతువు వేరు.

మన పిల్లలకు వేసవి సెలవులు వచ్చు మే, జూన్ మాసములలో అచ్చట వానలు తగ్గి, గాలి చల్లబడును. ఇంట వడగాలికి తాళలేనివారికి ఆ దినములు హాయి. జూలై, ఆగస్టులలో ఆగ్నేయపు గాలులు బలముగా వీచును. అపుడు తూర్పు, దక్షిణపు తీరములలో సముద్రము కల్లోలముగా నుండును. పడమటి తీరము మాత్రము కొండల చాటున నుండుటచే ప్రశాంతము. నడుమనున్న క్యూర్పిప్ పట్టణము ఎత్తైన నేలపై నున్నందున శాలువ లేక సాయంకాలము గడవదు. ఒక్క విషయము మరువరాదు. అంత చిన్న దీవిలోనే మధ్యభాగమున ఏటికి దాదాపు 4000 మిల్లీమీటర్ల వాన కురియగా, పడమటి తీరమున 900 మాత్రమే కురియును. కనుక మాసము నెంచుకొనుటతో పని తీరదు, బస చేయు వైపును గూడ ఎంచుకొనవలయును.

దసరా దీపావళుల నడుమ వచ్చు అక్టోబరు అచ్చట వానలు మిక్కిలి తక్కువయైన మాసము. చలి పోయి యుక్క ఇంకను రాదు. దీపావళికి వీథులన్నియు దీపములతో వెలుగును. నవంబరు, డిసెంబరులలో మామిడి, లిచీ పండ్లు వచ్చును. మన యూళ్లలో ఏప్రిలు, మే మాసములలో పూచు ఎఱ్ఱతురాయి అచ్చట డిసెంబరులో దారి పొడవున నిప్పు పూచినట్లుండును. డిసెంబరు చివరివారములో మాత్రము ఐరోపావారు తమ చలికి తాళలేక గుంపులుగా వత్తురు. బసల ధరలు అప్పుడే హెచ్చు.

ఇదంతయు చదివి వినిపించి, "అక్టోబరే మంచిది, అత్తగారూ" అంటిని. ఆమె కొంతసేపు మాటాడలేదు. పిదప, "అక్టోబరు ఎవరికి మంచిది?" అని యడిగిరి.

నాకు జవాబు తోచలేదు. పిల్లల ఈతకు, మావారి ఛాయాచిత్రములకు అక్టోబరు మంచిది. ఆమె కోరినదో, శివరాత్రి. ఆమె వయస్సున మరియొక యాత్ర యుండునో యుండదో చెప్పగలవారెవరు? నేను దీవికి మంచి మాసమును వెదకితినేగాని, మా యింటిలో ఈ యాత్ర ఎవరిదని యోచింపనైతిని. ఆ రాత్రియే మావారు శివరాత్రికి టిక్కెట్లు కొనుటకు ఒప్పుకొనిరి.

ఒప్పుకొన్నను జాగ్రత్తలు మానలేదు. తుపాను వచ్చినచో విమానములు నిలిచిపోవును గాన రాకపోకలకు నడుమ నాలుగు దినములు అదనముగా నుంచుకొంటిమి. అత్తగారి మందులు పదిదినములకు ఎక్కువగా కట్టితిని. వానలేని పడమటి తీరమున బస కుదుర్చుకొంటిమి. గంగా తలావ్‌కు నడచి పోక బండిలో పోవుటకు ఆమెను ఒప్పించితిమి.

గంగా తలావ్ సముద్రమట్టమునకు సుమారు 550 మీటర్ల యెత్తున, పూర్వమొక అగ్నిపర్వతపు బిలములో ఏర్పడిన సరస్సు. 1972లో మన గంగాజలమును దానిలో కలిపిరి. శివరాత్రికి దీవి నలుమూలలనుండి జనులు తెల్లని వస్త్రములు ధరించి, పూలతో, అద్దములతో అలంకరించిన కావళ్లు మోసికొని, దినములకొలది నడచి వత్తురు. దారిపొడవున గృహస్థులు వారికి ఫలహారములు, పానీయములు ఉచితముగా నిత్తురు. మేము చేరునప్పటికి పొగమంచు, సన్నని తుంపర. అత్తగారు చీరకొంగు తలపై కప్పుకొని గట్టున కూర్చుండి, నీళ్లు కన్నుల కద్దుకొనిరి. "వాన లేకున్నచో ఇది శివరాత్రి యెట్లగును?" అనిరి.

తిరుగుదినమునకు ముందు పోర్టు లూయీ రేవులోని అప్రవాసీ ఘాట్ చూచితిమి. 1834 నవంబరు 2వ తేదీన అట్లాస్ అను ఓడలో మొదటి మన కూలీలు అచ్చట దిగిరి. ఆ పిమ్మట ఒప్పందపు కూలీలుగా దిగినవారు నాలుగు లక్షలకు పైబడిరి. అందులో మన తీరపు తెలుగువారును గలరు. కోరంగి రేవున ఓడయెక్కి పోయిన కతమున వారికి ఆ దీవిలో కోరంగీలను పేరు కలిగినది. ఆ కోరంగి రేవును 1839లో తుపానే పాడుచేసినది. రాతిమెట్లపై నిలిచి అత్తగారు, "వీరిని ఏ మాసమున వత్తురని ఎవరైన నడిగిరా?" అని మెల్లగా ననిరి.

సోదరీమణులారా! పిల్లలతో పోవువారికి మే, జూన్ మాసములు మంచివి. కొత్తగా పెండ్లియైనవారికిని, వృద్ధులతో విశ్రాంతికి పోవువారికిని అక్టోబరు మేలు. పండుగకే పోదలచినవారు అదనపు దినములుంచుకొని, వానకు సిద్ధపడి పోవుడు. కాని మాసమును నిర్ణయించుటకు ముందు, యాత్ర ఎవరిదని ఇంట ఒక్కమాట అడుగుడు. మా యింట అడుగుటకు రెండేండ్లు పట్టినది.