మౌస్ లాక్కోకండి బాబూ!

ఈ మధ్య పెద్దవాళ్ల కంప్యూటర్ క్లాసుల మీద నాకో అభిప్రాయం ఏర్పడిందండీ. ఓపిక ఉంటే వినండి, లేదంటే పేజీ తిప్పేయండి, ఏమీ అనుకోను.

అమ్మానాన్నలకి కంప్యూటర్ నేర్పడంలో కన్నపిల్లలంత పనికిరాని గురువులు ఇంకెవరూ ఉండరు. కావాలంటే గమనించండి. "ఒరేయ్, ఈ కరెంటు బిల్లు కట్టడం కాస్త చూపించరా" అంటారు నాన్నగారు. "అదెంత పని, ఇలా ఇవ్వండి" అని అబ్బాయి మౌస్ లాక్కుంటాడు. టకటకా నాలుగు నొక్కులు, అయిపోయింది! బిల్లు సరే, నేర్చుకోవడం సంగతో? వచ్చే నెల మళ్లీ అడిగితే "పోయినసారి చూపించాను కదా నాన్నా" అంటాడు. ఆ మాట పడలేక చాలామంది అడగడమే మానేస్తారు.

అందుకే క్లాసు కావాలంటాను. అక్కడ పక్క కుర్చీలో ఆవిడకీ రాదు, వెనక కూర్చున్న రిటైర్డ్ హెడ్మాస్టరుగారికీ రాదు. ఇక సిగ్గెందుకు?

ప్రభుత్వం నేర్పలేదా అంటారేమో, నేర్పింది. 2017లో కేంద్రం గ్రామాల కోసం ప్రధానమంత్రి గ్రామీణ డిజిటల్ సాక్షరతా అభియాన్ మొదలెట్టింది. 6 కోట్ల ఇళ్లు లక్ష్యం, ఇంటికొకరు, 20 గంటల ఉచిత శిక్షణ. 2024 మార్చితో అది ముగిసింది. మంచి పనే, కాదనను. కానీ అర్హత 14 ఏళ్ల నుంచి 60 ఏళ్ల దాకానే! ఏటా బతికే ఉన్నానని పింఛను కోసం రుజువు చూపించాల్సింది ఎవరండీ, పద్నాలుగేళ్ల కుర్రాడా? దానికోసం 2014లోనే జీవన్ ప్రమాణ్ అని డిజిటల్ ఏర్పాటు పెట్టారు. తీరా అది వాడాల్సిన వయసువాళ్లకి నేర్పే చోట గుమ్మం మూసేశారు.

సరే, నేర్పేవాళ్లు ఎక్కణ్ణుంచి మొదలెట్టాలి? ర్యామ్, ప్రాసెసర్ అంటూ బోర్డు మీద బొమ్మలు గీయకండి. అసలు తంటా డబుల్ క్లిక్ దగ్గరుంది. మొదటి నొక్కుకీ రెండో నొక్కుకీ మధ్య పెద్దవాళ్ల చెయ్యి కాస్త జరుగుతుంది, లేదా ఆలస్యమవుతుంది. ఫైలు తెరుచుకోదు సరికదా, పేరు మార్చమంటూ చిన్న గడి ప్రత్యక్షమవుతుంది. పాపం, కంగారు పడిపోతారు. మందు చాలా తేలిక: ఒక్కసారి నొక్కి, ఎంటర్ కొట్టమనండి. లేదా సెట్టింగ్స్‌లో డబుల్ క్లిక్ వేగం తగ్గించండి. ఆ తర్వాత సాలిటేర్ పేకాట ఆడించండి. 1990లో విండోస్ 3.0తో వచ్చిన ఆ ఆట, ముక్కల్ని పట్టి లాగించి లాగించి ఎందరి చేతులకో మౌస్ అలవాటు చేసింది. పేక ముట్టని అమ్మగారైతే పెయింట్ తెరిచి చుక్కలు పెట్టమనండి, ముగ్గు దానంతటదే వస్తుంది.

రెండో పాఠం కంట్రోల్ జడ్. రాసిందంతా చెరిగిపోయినా ఆ రెండు మీటలు కలిపి నొక్కితే వెనక్కి వచ్చేస్తుందని కళ్లారా చూపించండి. ఏం నొక్కితే ఏం కొంప మునుగుతుందో అన్న భయం సగానికి సగం పోతుంది.

చివరి గంట మాత్రం మోసాలకే ఇవ్వాలి. యూపీఐలో పిన్ కొట్టేది డబ్బు పంపడానికి, రాబట్టుకోవడానికి కాదు. "మీ ఖాతాలో డబ్బు వేస్తాం, పిన్ కొట్టండి" అన్నాడంటే వాడు దొంగే. పొరపాటున కొట్టేస్తే వెంటనే సైబర్ మోసాల సహాయవాణి 1930కి ఫోన్ చెయ్యాలి, ఎంత త్వరగా చేస్తే అంత మేలు. కానీ పెద్దవాళ్లు ముందు దాచుకుంటారండీ, పిల్లలు తిడతారని. ఆ దాచుకున్న గంటల్లోనే డబ్బు ఖాతాలు మారిపోతుంది. బిల్లు దగ్గర విసుక్కున్న ఇంట్లో ఈ సంగతి మాత్రం నోరు విప్పి ఎలా చెబుతారు చెప్పండి? ఆ విసుగు ఖరీదు బిల్లుకంటే చాలా ఎక్కువ.