చిచెరోనె: ఒక మాట పుట్టుక

బదిలీపై రాయపూర్ చేరిన మా బోటి కుటుంబాలకు ప్రతి శీతకాలమూ ఒక బాధ్యత తప్పదు. స్వస్థలాల నుండి బంధువులు వస్తారు. వారికి చుట్టుప్రక్కల విశేషాలు చూపించాలి. అట్లు చూపించేవానిని మనం ‘గైడు’ అంటాము. కొంత గౌరవం జోడించి ‘మార్గదర్శి’ అంటాము. పుణ్యక్షేత్రాలలో ‘పండా’లున్నారు, ఆ మాట పండిత శబ్దానికి చుట్టం. ఇటలీ దేశస్థులు మాత్రం అతనికి ఒక మహావక్త పేరునే పెట్టారు: ‘చిచెరోనె’.

ఆ వక్త క్రీ.పూ. 106–43 నడుమ జీవించిన రోమన్ రాజనీతిజ్ఞుడు సిసిరో. ఆయన పేరుకు ఇటాలియన్ రూపమే చిచెరోనె. దీనికి మూలమైన లాటిన్ పదానికి అర్థం శనగ! ఆ వంశంలో పూర్వుడొకని ముక్కు కొన శనగగింజవలె నొక్కుపడి ఉండేదని ప్లూటార్క్ వ్రాశాడు. ప్రాచీన కట్టడాలను యాత్రికులకు అనర్గళంగా వర్ణించేవారి పాండిత్యాన్నీ వాగ్ధాటినీ సిసిరోతో పోల్చి ఈ పేరు పెట్టి ఉంటారని నిఘంటుకారుల అభిప్రాయం. 1726లో వెలువడిన అడిసన్ గ్రంథంతో ఈ మాట ఆంగ్లంలోనూ కనిపించింది.

ఇది పొగడ్తయా, ఎత్తిపొడుపా? వాగ్ధాటి ఒక్కటే కొలమానమైతే ఎత్తిపొడుపే. కాని సిసిరో జీవితంలోని ఒక ఘట్టం ఈ మాటకు మరింత గౌరవం తెస్తుంది. క్రీ.పూ. 75లో ఆయన సిసిలీలో అధికారిగా ఉన్నాడు. సిరక్యూస్ నగరవాసులు తమ ఆర్కిమిడీస్ సమాధి ఎక్కడిదో ఎరుగమన్నారు. ఆ సమాధిపై గోళము, స్తూపము చెక్కి ఉంటాయని సిసిరోకు తెలుసు. గోళం ఘనపరిమాణం దానిని చుట్టిన స్తూపంలో మూడింట రెండు వంతులన్నది ఆ మహాశాస్త్రవేత్త సాధించిన ఫలితం. ముళ్లపొదల నడుమ ఆ గుర్తును పోల్చుకొని, కొడవళ్లతో పొదలు నరికించి, ఊరివారికే వారి సంపదను చూపించాడు సిసిరో. అప్పటికి ఆర్కిమిడీస్ మరణించి 137 ఏళ్లు!

ఇప్పుడు మన సిర్‌పూర్‌ను తలచుకుందాము. రాయపూర్‌కు సుమారు 80 కిలోమీటర్ల దూరాన, మహానది ఒడ్డున ఉన్న ఇటుకల ఆలయాన్ని అందరూ లక్ష్మణ మందిరమంటారు. నిజానికది విష్ణ్వాలయం. మహాశివగుప్త బాలార్జునుని తల్లి వాసట, దివంగతుడైన తన భర్త హర్షగుప్తుని స్మృత్యర్థం సుమారు 7వ శతాబ్దంలో దానిని కట్టించింది. ఈ సంగతి తెలియకుంటే అది ఒక పాత కట్టడం. తెలిస్తే ఒక స్త్రీ దుఃఖం ఇటుకలలో నిలిచిన చోటు. చెక్కిన ఆ ఇటుకల పనితనం ఇంజనీర్లమైన మమ్ము నేటికీ విస్మయపరుస్తుంది.

మన కాలనీలలో పుట్టి పెరిగిన పిల్లలకు సిర్‌పూర్ వనభోజనాల స్థలంగా మాత్రమే మిగలరాదు. ఉద్యోగరీత్యా వచ్చిన మనం ఎప్పటికైనా వెళ్లిపోవచ్చు. వారికి మాత్రం ఇదే జన్మస్థలం. కావున ఈసారి బంధువులతో బయలుదేరే ముందు ఒక పూట రాయపూర్‌లోని మహంత్ ఘాసీదాస్ ప్రదర్శనశాలకు పిల్లలను తీసుకువెళ్లండి. అది 1875 నాటి సంస్థ. తరువాత సిర్‌పూర్‌లో వివరించే పని వారికే అప్పగించి, మనం విందాము.