పదమూడా, పద్దెనిమిదా?

నేను కంప్యూటర్ సైన్సులో మాస్టర్స్ చేశాను. గొప్పకి చెప్పటం లేదు. ఆ చదువే నన్ను ఒకసారి ఎలా తప్పుదారి పట్టించిందో చెప్పాలంటే ముందు ఈ సంగతి తెలియాలి.

2013 జులై, రంజాన్ నెల. కువైట్‌లోని సాల్మియాలో ఓ పాత బిల్డింగులో ఉండేవాళ్లం. మేడ మీద అడుగు పెడితే అంతా డిష్‌లే. వాటిలో మాది ఎనిమిదడుగులది. 66 డిగ్రీల తూర్పున ఉన్న ఇంటెల్‌శాట్ 17 వైపు చూస్తూ ఉండేది. మన దక్షిణాది చానెళ్లు చాలా వరకు దాన్నుంచే వచ్చేవి. కింద హాల్లో లైనక్స్ మీద నడిచే రిసీవర్.

ఆ రిసీవర్‌కి జబ్బు చేసింది. కొన్ని చానెళ్లు శుభ్రంగా వస్తాయి. కొన్నింటికి మార్చామా, బొమ్మ ఒక్క క్షణం కనిపించి తెర నల్లబడుతుంది. పెట్టె మళ్లీ మొదట్నుంచి బూట్ అవుతుంది. నేను చూసే వార్తల చానెల్ ఆ రెండో రకంలోదే.

మామూలు రోజులైతే ఊరుకునేవాణ్ణి. కానీ ఆ నెలాఖరుకి తెలంగాణ సంగతి తేలుతుందంటున్నారు. మాది వరంగల్. 1969 ఉద్యమం నాటికి నాన్న కాలేజీ కుర్రాడు. కొన్నాళ్లు జైల్లో కూడా ఉన్నాడు. ఆ కబుర్లు ఎప్పుడూ చెప్పేవాడు కాదు గానీ, టీవీలో తెలంగాణ అన్న మాట వినపడితే కంచం ముందు నుంచి లేచి వచ్చేవాడు. ఆయన పోయి అప్పటికి రెండేళ్లు. ఆయన చూడాల్సిన వార్త అది. ఆయన బదులు నేనైనా చూడాలనిపించింది.

నాకు చేతనైన పని మొదలుపెట్టాను. సాఫ్ట్‌వేర్ చెడిపోయిందనుకుని తుడిచేసి కొత్తది ఎక్కించాను. ఊహూఁ. పాతది ఎక్కించాను. మూడు రాత్రులు, మూడు వెర్షన్లు. సెట్టింగులు ఒక్కొక్కటే సరిచూశాను. సి-బ్యాండ్ ఎల్‌ఎన్‌బికి 5150 ఉండాలి, ఉంది. డైసెక్ స్విచ్‌లో వైరు రెండో పోర్టుకి ఉంది, మెనూలోనూ రెండోదే. నెట్‌వర్క్ నుంచి పెట్టెలోకి వెళ్లి లాగ్ చదివితే, ప్రతిసారీ వాక్యం మధ్యలో తెగిపోయి ఉంది. ఒక్క ఎర్రర్ కూడా లేదు. ఆఫీసులో ఎవరైనా అలాంటి లాగ్ పట్టుకొస్తే "ముందు కరెంటు చూడు నాయనా" అనేవాణ్ణి. సొంత ఇంట్లో ఆ ముక్క తట్టలేదు.

30వ తేదీ మంగళవారం. రంజాన్ వేళలు కాబట్టి రెండింటికే ఇంటికొచ్చాను. ఇంటర్నెట్‌లో చూద్దామంటే చక్రం తిరుగుతూనే ఉంది. "ఆ డిష్ అబ్బాయిని పిలవరాదూ" అంది మా ఆవిడ.

అబ్బాయి అంటాం గానీ నాకంటే పెద్దవాడే. హవల్లీలో ఒక దుకాణంలో పని. నాలుగేళ్లుగా మా ఇంటికి వచ్చిపోతున్నాడు. ఇద్దరం హిందీలో మాట్లాడుకునేవాళ్లం. అతను తెలుగువాడని నాకు తెలుసు. ఒకసారి మేడ మీద ఫోన్లో ఇంటికి మాట్లాడుతుంటే విన్నాను. అయినా నేను హిందీ వదల్లేదు. ఎందుకో దాచకుండా చెప్తాను. తెలుగులో మాట కలిస్తే రేపు తమ్ముడికి వీసా అంటాడు, ఎల్లుండి అప్పు అంటాడు. ఆఫీసు ఉద్యోగాల్లో ఉన్న మనలో చాలామందికి ఈ లెక్కలు బాగా వచ్చు.

వచ్చాడు. నా మూడు రాత్రుల కథంతా విన్నాడు. ఏమీ అనకుండా రిమోట్ తీసుకుని ఒక్కో చానెల్ పెడుతూ అరచేతి మీద పెన్నుతో గీతలు గీసుకున్నాడు. "ఆగిపోయేవన్నీ హారిజాంటల్ సార్. వర్టికల్‌వి ఒక్కటీ ఆగలేదు" అన్నాడు, హిందీలోనే.

నాకు అప్పుడు వెలిగింది. వర్టికల్ చానెళ్లకి రిసీవర్ పైనున్న ఎల్‌ఎన్‌బికి పదమూడు వోల్టులు పంపుతుంది, హారిజాంటల్‌కి పద్దెనిమిది. ఆ పద్దెనిమిది అడిగేసరికి దీని ప్రాణం చాలటం లేదు. పవర్ సప్లయి నీరసపడింది. సాఫ్ట్‌వేర్ పాపం ఏ నేరమూ ఎరగదు.

ప్లగ్ పీకి, కాసేపు ఆగి, మూత తీశాడు. "ఇదిగో, పొట్ట ఉబ్బినాది చూడు" అని తనలో తనే తెలుగులో అనుకున్నాడు.

"ఏదీ?" అన్నాను నేను, తెలుగులోనే. నోరు జారింది.

అతను తలెత్తలేదు. టార్చి వెలుగులో కెపాసిటర్ చూపించాడు. చదునుగా ఉండాల్సిన దాని తల పూరీలా పొంగి ఉంది. "మీరు తెలుగోళ్లని నాకు మొదట్నుంచీ తెలుసు సార్. మేడమ్ పిల్లోణ్ణి పిలుస్తాంటే విన్నా. మీరు హిందీలో మాట్లాడ్తాంటే నేనూ అదే మాట్లాడినా."

నా దగ్గర జవాబు లేదు. సంచీలోంచి అదే రకం కెపాసిటర్ తీసి, సోల్డరింగ్ ఐరన్ వేడి చేసి, పావుగంటలో మార్చేశాడు. చానెల్ పెట్టాను. నిలబడింది.

ఆ సాయంత్రం మా హాల్లోనే ఇద్దరం వార్త విన్నాం. తెలంగాణకి కాంగ్రెస్ వర్కింగ్ కమిటీ ఒప్పుకుంది, హైదరాబాదు పదేళ్లు ఉమ్మడి రాజధాని. నాకు కళ్లు నీళ్లతో నిండిపోయాయి. అతను చాలాసేపు మాట్లాడలేదు. అతనిది రాజంపేట దగ్గర పల్లె.

"పదేండ్ల తర్వాత హైదరాబాదు మాది కాదా సార్? మా అక్క కొడుకు ఆడనే చదువుతాండాడు."

"చదువుకునే పిల్లల్ని ఎవరు పొమ్మంటారు?" అన్నాను. అతని ముఖం చూస్తే నా మాట సరిపోలేదని తెలిసింది. ఎందుకు ఏడ్చానో చెప్పాలనిపించి నాన్న సంగతి చెప్పాను. కువైట్‌లో అంతకుముందు ఎవరికీ చెప్పలేదు.

అతను రిమోట్ బల్ల మీద పెట్టి, "పెద్దాయన చూసింటే బాగుండు సార్" అన్నాడు.

కెపాసిటర్‌కి పావు దీనారు, చేతిపనికి రెండు దీనార్లు తీసుకున్నాడు. టీ తాగి వెళ్లాడు. నా ఫోన్లో అతని నంబరు "డిష్ వాలా" అని ఉండేది. గుమ్మం దగ్గర పేరు అడిగి మార్చుకున్నాను.

2019లో ఆయన దేశానికి వెళ్లిపోయాడు. ఈలోపు నన్ను అడిగిన సాయం ఒక్కటే, పాస్‌పోర్టు రెన్యువల్‌కి ఆన్‌లైన్ ఫారం నింపిపెట్టమని. అరగంట పట్టింది.