28 తాళ్లు

మాది దేవరకొండ వైపు ఒక లంబాడీ తండా. మా బా బడికి పోలేదు గానీ ఆయన లెక్క తప్పదని తండా అంతా అనేది. ఆయన దగ్గర 11 గజాల తాడు ఉండేది. ఒక తాడు పొడవు, ఒక తాడు వెడల్పు ఉంటే గుంట. 40 గుంటలైతే ఎకరం.

నేను ఐదో తరగతిలో ఉన్నప్పుడు బా మా చెలకను బాయి పక్క చెలకతో మార్చుకున్నాడు. మాది నాలుగు వైపులా ఏడేసి తాళ్లు. అవతలిది పన్నెండు తాళ్ల పొడవు, రెండు తాళ్ల వెడల్పు. చుట్టూ కొలిస్తే రెండూ 28 తాళ్లే. "సమానమే గదా" అన్నాడు అవతలాయన. తెల్లకాగితం మీద బా వేలిముద్ర పడింది.

ఆ వానకాలం ఆముదాలు విత్తినంక యాడి సంచి చూపించి, "సగం విత్తనం మిగిలింది. భూమి తక్కువుంది" అన్నది. "చుట్టూ కొలిచిన. నీకేం తెలుసు?" అని బా కసిరాడు. ఆ మాట ఇంట్లో మళ్లీ రాలేదు.

ఇప్పుడు నేను లెక్కల సారును. గోర్‌బోలి మాట్లాడే మా పిల్లలకు పుస్తకంలోని తెలుగు వాక్యం అర్థమయ్యేలోపే గంట కొడతారు. అందుకే జియోజెబ్రా పట్టుకున్నాను. ఆస్ట్రియాలోని సాల్జ్‌బర్గ్‌లో మార్కుస్ హోహెన్‌వార్టర్ అనే విద్యార్థి 2001లో మొదలుపెట్టిన సాఫ్ట్‌వేర్ అది. చదువుకునేవాళ్లకు ఉచితం. ఫోన్‌లో ఒకసారి దించుకుంటే నెట్ లేకున్నా నడుస్తుంది.

ఒక దీర్ఘచతురస్రం గీశాను. ఒక భుజానికి స్లైడర్ పెట్టాను. 14లోంచి ఆ భుజం తీసేస్తే మిగిలేది రెండో భుజం. స్లైడర్ ఎటు జరిపినా చుట్టుకొలత 28 దగ్గరే ఆగుతుంది, వైశాల్యం మాత్రం మారుతుంది. ఎనిమిదో తరగతి పిల్ల ఒకతె వేలితో జరిపింది. 7 దగ్గర 49. 10 దగ్గర 40. 12 దగ్గర 24.

"సార్, చుట్టు ఒక్కటే అయితే భూమి ఒక్కటి కాదా?"

నా నోట మాట రాలేదు. 49లోంచి 24 పోతే 25 గుంటలు.

ఫోన్ చెప్పింది గనుక నమ్మండి అనలేదు. 28 అడుగుల తాడు ముడేసి పిల్లలను బయటికి తీసుకుపోయాను. ఏడేసి అడుగుల చదరంలో కూర్చున్నంతమంది, అదే తాడును సన్నగా లాగితే పట్టలేదు. బయట మిగిలినవాళ్లకు వైశాల్యం అంటే ఏందో మళ్లీ చెప్పే పని పడలేదు.

ఆ ఆదివారం తండాకు పోయి ఇద్దరికీ చూపించాను. యాడి నవ్వలేదు. "విత్తనం అప్పుడే చెప్పింది" అన్నది. బా ఫోన్ తీసుకుని స్లైడర్‌ను అటూ ఇటూ చానాసేపు జరిపాడు. 7 దగ్గర ఆపాడు. యాడి వైపు చూసి, "నువ్వు చెప్పిందే నిజం" అన్నాడు.

తర్వాత ఫోన్ నా చేతికిచ్చి, "తండా పిల్లలందరికీ చూపించు" అన్నాడు.