కొత్త ఇంజన్, పాత కమాన్లు

డెట్రాయిట్ చుట్టుపక్కల ఉండే తెలుగువాళ్లలో కార్ల కంపెనీల్లో పనిచేసేవాళ్లం చాలామందిమే ఉన్నాం. అయినా నేను 1967 షెవర్లే కమారో కొన్నానంటే మావాళ్లు నవ్వారు. "వారమంతా కొత్త కార్లతో వేగి, ఆదివారం పాత కారు కింద దూరతారేంటండీ?"

ఆ కారుకి అంతకుముందు యజమాని అసలు ఇంజన్ తీసేసి, ఈ కాలపు ఎల్‌ఎస్ వి8 బిగించాడు. వెనక ఇరుసు మాత్రం ఫ్యాక్టరీ ఇచ్చిన కమాన్ల మీదే ఉంది. అవీ పక్కకో రేకు చొప్పునే. లారీల కింద కమాను కట్టలు చూస్తూ పెరిగిన నాకు ఆ ఒంటి రేకు వింతగా తోచింది.

ఆ రేకుకి మూడు పనులు. బరువు మోయాలి, ఇరుసును కదలనీయకుండా పట్టుకోవాలి, ఇంజన్ బలానికి ఇరుసు మెలితిరగకుండా ఆపాలి. యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితే మూడో పని దగ్గర చేతులెత్తేస్తుంది. ఎస్ అక్షరంలా వంగి, మళ్లీ విదిలించుకుంటుంది. టైర్లు రోడ్డు మీద దడదడా ఎగురుతాయి. ఈ ఎగురుడు తగ్గించడానికి కంపెనీ 1968లో ఒక షాక్ అబ్జార్బర్‌ను ఇరుసు ముందు, రెండోదాన్ని వెనక పెట్టింది. శక్తిమంతమైన మోడళ్లకు పలు రేకుల కమాన్లు ఇచ్చింది.

ఇప్పుడు దీనికి రెండు దారులు. ఫోర్-లింక్ పెడితే నాలుగు కడ్డీలు ఇరుసును పట్టుకుంటాయి, కాయిల్ స్ప్రింగులు బరువు మోస్తాయి. దేని పని దానిదే. కానీ చాలా కిట్లకు కోత, వెల్డింగ్ తప్పవు. ట్రాకు మీద మలుపులు తిప్పేవాళ్లకు అది సబబు. నాకు కావలసింది ఫ్రీవే ఎక్కేటప్పుడు కారు తిన్నగా వేగం అందుకోవడం. అందుకే పలు రేకుల కమాన్లు, మంచి షాకులు, ఇరుసు మెలితిరగకుండా ఆపే ట్రాక్షన్ బార్లు వేయించాను. అన్నీ బోల్టులతోనే, రేపు కొనేవాడు కావాలంటే విప్పుకోవచ్చు.

బిగింపులో ఒక కిటుకుంది. రబ్బరు బుష్‌లున్న కమాను బోల్టుల్ని ఇరుసు గాల్లో వేలాడుతుండగా పూర్తిగా బిగించకూడదు. చక్రాల మీద కారు బరువు పడ్డాకే ఆఖరి బిగింపు. లేదంటే రబ్బరు మెలిపడి తొందరగా చిరుగుతుంది.

ఆగస్టులో వుడ్‌వర్డ్ అవెన్యూ మీద డ్రీమ్ క్రూజ్ అనే పాత కార్ల ఊరేగింపు జరుగుతుంది. హుడ్ ఎత్తితే చాలు, జనం ఇంజన్ చుట్టూ మూగుతారు. వంగి కిందకి చూసేది ఏ రిటైరైన ఫ్యాక్టరీ పెద్దాయనో. ఇంజన్ మార్చాలని ఉబలాటపడే మన కుర్రాళ్లకు నేను చెప్పేదొకటే: ఖర్చుల చిట్టాలో మొదటి పద్దు వెనక ఇరుసుది రాయండి. ఎంత హార్స్‌పవర్ పెంచినా, ఈ కార్లలో బండిని ముందుకు నెట్టే తోపు బాడీకి చేరేది ఆ రేకుల గుండానే.