మీర్ ఆలం ఒడ్డున బహదూర్‌పురా

ఎయిర్‌పోర్టు వైపు నుంచి హైదరాబాద్ పాతబస్తీకి వచ్చేవారు ఇప్పుడు ఆరాంఘర్ దగ్గర ఫ్లైఓవర్ ఎక్కి జూపార్కు దగ్గర దిగుతున్నారు. 4.08 కిలోమీటర్ల పొడవు, ఆరు వరసల దారి. 2025 జనవరి 6న ప్రారంభించి దానికి మన్మోహన్ సింగ్ పేరు పెట్టారు. అంతకుముందే, 2022 ఏప్రిల్‌లో, బహదూర్‌పురా చౌరస్తా మీద 690 మీటర్ల ఫ్లైఓవర్ వచ్చింది. ఈ దారిలో లారీల వెనక, ఆటోల మధ్య ఇరుక్కుని ఆఫీసుకు ఆలస్యమైన వాళ్లెవరైనా ఈ రెండింటికీ దండం పెడతారు. కానీ పైనుంచి వెళ్లిపోయేవారికి కింద ఉన్న ఊరు అసలు తెలియకుండా పోతోంది. పడమటి పక్క 380 ఎకరాల జూపార్కు, దాన్ని ఆనుకుని రెండు వందల ఏళ్ల నాటి చెరువు, కాస్త దూరంలో కొండ మీద ఫలక్‌నుమా ప్యాలెస్. హైదరాబాద్‌లో ఖరీదైన అపార్ట్‌మెంట్లు అమ్మే ఏ బిల్డరైనా బ్రోచరు మొదటి పేజీలో వేసుకోవాలని కోరుకునే దృశ్యం ఇది. అయినా బహదూర్‌పురా ఇంకా ఆ బ్రోచర్లలోకి ఎక్కలేదు. త్వరలో ఎక్కుతుందని నా నమ్మకం. ఆలోపు ఒకసారి ఈ ఊరిని సరిగ్గా చూడాలి.

చెరువుతోనే మొదలుపెట్టాలి. దాని పేరు మీర్ ఆలం చెరువు. ఆ మీర్ ఆలం అసలు పేరు మీర్ అబుల్ ఖాసిం. 1799లో శ్రీరంగపట్నం యుద్ధానికి నిజాం సేనను నడిపించినవాడు. మూడో నిజాం సికందర్ జా కాలంలో, 1804లో, దివాన్ అయ్యాడు. అదే ఏడాది ఈ చెరువుకు పునాది పడింది. 1808లో ఆయన పోయాడు. పాతబస్తీ మార్కెట్ మీర్ ఆలం మండీ కూడా ఆయన పేరు మీదే ఉంది, కానీ మండీ తెలిసినంతగా ఈ కట్ట గొప్పతనం మనవాళ్లకు తెలియదు.

మన పల్లెల్లో చెరువు కట్ట అంటే మట్టి కట్ట. మీర్ ఆలం కట్ట అలాంటిది కాదు. రాతితో, సున్నంతో కట్టిన 21 అర్ధచంద్రాకారపు కమానులు ఒకదాని పక్కన ఒకటి చేయి చేయి పట్టుకున్నట్టు నిలబడి ఉంటాయి. కమాను ఉబ్బు నీటి వైపు ఉంటుంది. నీరు నెట్టే కొద్దీ రాయి రాయికి మరింత బిగుస్తుంది, ఆ బరువు రెండు కమానుల నడుమ ఉన్న దిమ్మెల మీదికి దిగుతుంది. కింది వైపున నిలబడి చూస్తే ఒక్కో కమాను లోపలికి వంగిన పెద్ద గదిలా కనిపిస్తుంది, దిమ్మె పక్కన మనిషి చిన్నబోతాడు. చెరువు నిండితే ఒక్కోసారి నీళ్లు గోడ నెత్తి మీదుగానే పొర్లుతాయి. బహుళ కమానుల ఆనకట్టలు కట్టడం ప్రపంచంలో ఇంకా అలవాటు కాని రోజుల్లో ఇది మన ఊళ్లో లేచింది. ఇంజనీరింగ్ కాలేజీ పిల్లలను బస్సుల్లో తెచ్చి చూపించవలసిన కట్టడం.

మూసీ వరద 1908లో ఊరిని ముంచాక ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ కట్టారు. ఆ రెండూ 1920ల్లో పూర్తయ్యేదాకా నగరం తాగినవి చాలావరకు మీర్ ఆలం నీళ్లే. తర్వాత దీని అవసరం తగ్గింది, దీనితో పాటే శ్రద్ధా తగ్గింది. ఇప్పటికీ మీర్ ఆలం ఫిల్టర్ బెడ్స్ పని చేస్తున్నాయి, కానీ అక్కడ శుద్ధి అయ్యేది హిమాయత్ సాగర్ నుంచి వచ్చిన నీరు. పక్కనే ఉన్న చెరువులోకి చుట్టూ బస్తీల మురుగు చేరింది. గుర్రపు డెక్క అల్లుకుంది. హసన్‌నగర్, కిషన్‌బాగ్ వైపు సాయంత్రం కిటికీలు మూసుకోకపోతే దోమలతో కూర్చోలేరు.

ఊరి బతుకు మాత్రం చెరువు వైపు కాక రోడ్డు వైపు తిరిగి ఉంటుంది. రంజాన్, బక్రీద్ నాడు మీర్ ఆలం ఈద్గాకు లక్షల్లో జనం వస్తారు, పొద్దున్నే బహదూర్‌పురా దారులన్నీ మళ్లిస్తారు. కిషన్‌బాగ్‌లో మురళీ మనోహరస్వామి గుడి ఉంది. 1963 అక్టోబర్‌లో తెరిచిన నెహ్రూ జూపార్కుకు తెలుగు జిల్లాల నుంచి బడిపిల్లల బస్సులు వస్తూనే ఉంటాయి. గల్లీల్లోకి వెళితే ఇళ్లన్నీ ఇంచుమించు ఒకే తీరు: అరవై గజాలో, ఎనభై గజాలో స్థలం; రోడ్డు ముఖం ఉంటే కింద మల్గీ, అంటే దుకాణం; బయటి నుంచి ఇరుకు మెట్లు; పెద్దన్నకు కింది అంతస్తు, తమ్ముడికి పైది, ఆ పై స్లాబు మీద ఇనుప చువ్వలు ఆకాశంలోకి చూస్తూ ఉంటాయి. రేపు మూడో తమ్ముడి పెళ్లికి ఇంకో అంతస్తు వేయాలి కదా! కొన్ని ఇళ్లలో ముందు గదిలో చెక్క చట్రం మీద బట్ట బిగించి ఆడవాళ్లు కార్చోబ్ పని చేస్తూ కనిపిస్తారు. పెళ్లి లెహంగా మీద ఒక్కొక్క పూస ఎక్కుతుంది. ఇక్కడ ఇల్లు అంటే కార్ఖానా కూడా, ఉమ్మడి కుటుంబం కూడా. అపార్ట్‌మెంట్ ఈ రెండింటికీ సరిపోదు.

పెద్ద అపార్ట్‌మెంట్లు ఇక్కడికి రాకపోవడానికి అదొక్కటే కారణం కాదు. పాతబస్తీలో చాలా ఇళ్లు నోటరీ కాగితాల మీదే చేతులు మారాయి. రిజిస్ట్రేషన్ లేని ఇంటికి బ్యాంకు అప్పు ఇవ్వదు, బిల్డరు ఒప్పందం చేసుకోడు. 2023లో ప్రభుత్వం జీవో 84తో 125 గజాల లోపు నోటరీ ఆస్తులను స్టాంపు డ్యూటీ లేకుండా క్రమబద్ధం చేస్తామంది. రెండో అడ్డు గల్లీ వెడల్పు. ఎత్తైన భవనానికి కనీసం 40 అడుగుల రోడ్డు కావాలి, ఇక్కడ రెండు ఆటోలు ఎదురైతే ఒకటి వెనక్కి వెళ్లాలి.

అయితే డబ్బు చెరువు అవతలి ఒడ్డు దాకా వచ్చేసింది. అత్తాపూర్, రాజేంద్రనగర్ వైపు అపార్ట్‌మెంట్ల వరసలు పెరుగుతున్నాయి. 2023 ఆగస్టులో బుద్వేల్‌లో హెచ్‌ఎండీఏ వందెకరాలు వేలం వేస్తే 3,625 కోట్లు వచ్చాయి, ఎకరం గరిష్ఠంగా 41.75 కోట్లు పలికింది. ఆ ముందు వారమే కోకాపేటలో ఎకరం 100.75 కోట్లు. ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ జంట జలాశయాల చుట్టూ పది కిలోమీటర్ల మేర నిర్మాణాలకు పగ్గాలు వేసిన 1996 నాటి జీవో 111ను 2022 ఏప్రిల్‌లో సవరించారు. ఇక పాతబస్తీ మెట్రోకు 2024 మార్చి 8న ఫలక్‌నుమా దగ్గర శంకుస్థాపన జరిగింది. శాస్త్రిపురం నుంచి చింతల్‌మెట్ దాకా మీర్ ఆలం చెరువు మీదుగా సుమారు 2.5 కిలోమీటర్ల వంతెనకు ప్రభుత్వం 2025లో పచ్చజెండా ఊపింది. ఫ్లైఓవర్, మెట్రో, వంతెన, చెరువు. ఈ నాలుగూ ఒకచోట కుదిరాక ‘లేక్ వ్యూ’ బోర్డులు ఎంతోకాలం ఆగవు.

భవనాలు రావడం తప్పని నేను అనను. పాతబస్తీ పిల్లలు చదువుకుని ఉద్యోగాల్లో చేరి, లిఫ్టు, పార్కింగు ఉన్న ఇల్లు కావాలనుకుని టోలీచౌకికో అత్తాపూర్‌కో వెళ్లిపోతున్నారు. తమ పేటలోనే అలాంటి ఇల్లు దొరికితే అమ్మానాన్నలకు దగ్గరగా ఉంటారు. నా పట్టుదల ఒడ్డు గురించే. విశాఖలో ఆర్కే బీచ్ మీద సముద్రం కనబడే ఫ్లాటు ధర వేరు, వెనక గల్లీ ఫ్లాటు ధర వేరు. అయినా భవనానికీ అలకూ మధ్య బీచ్ రోడ్డు ఉంది. కోట్లు పెట్టి బాల్కనీ కొన్నవాడికీ, మురీ మిక్చర్ బండి దగ్గర నిలబడ్డవాడికీ సముద్రం ఒక్కటే. పైగా 1991 నుంచి తీర ప్రాంతానికి ప్రత్యేక నిబంధనలు ఉన్నాయి. హుస్సేన్ సాగర్ సంగతీ అంతే. ట్యాంక్‌బండ్, నెక్లెస్ రోడ్డు, లుంబినీ పార్కు ఉన్నాయి కాబట్టి ఆ ఒడ్డు ఊరందరిదీ అయింది. మీర్ ఆలం ఒడ్డుకు ఆ భాగ్యం పూర్తిగా పట్టలేదు. ఒక పక్క జూ గోడ, ఒక పక్క ఫిల్టర్ బెడ్స్, మిగతావైపు చాలాచోట్ల కాలనీల వెనక గోడలు. చెరువు పక్కనే పుట్టి పెరిగినవాడికి సాయంత్రం పిల్లలతో చెరువు చుట్టూ నడిచే వీలు లేదు. ఇది అన్యాయం. వంతెన కట్టే డబ్బులోనే చెరువు చుట్టూ అందరూ నడిచే దారి వేయాలి, అది ఏ గేటెడ్ కమ్యూనిటీ గేటు వెనక్కీ పోకూడదు, మొదటి అపార్ట్‌మెంటుకు అనుమతి ఇవ్వకముందే వేయాలి. తర్వాత అడిగితే స్థలం మిగలదు.

నీటి ఒడ్డున ఇల్లు కట్టుకోవడంలో ఉన్న ప్రమాదం ఈ ఊరికి కొత్తగా చెప్పనక్కర్లేదు. 2020 అక్టోబర్ 13 రాత్రి కురిసిన వానకు పల్లె చెరువు పొంగి, దగ్గర్లోని అలీనగర్‌లో ఒకే కుటుంబానికి చెందిన పలువురు కొట్టుకుపోయారు. మీర్ ఆలం పొర్లినప్పుడల్లా జూలోని సఫారీలోకి నీళ్లు వస్తాయి. శివరాంపల్లిలో నవాబులు నీళ్లు తెప్పించుకుని తాగిన బమ్ రుక్నుద్దౌలా చెరువు వందెకరాల నుంచి ఇరవై ఎకరాల లోపుకు కుంచించుకుపోయింది. 2024 ఆగస్టులో చెరువుల ఆక్రమణలు తొలగించే ప్రభుత్వ సంస్థ హైడ్రా అక్కడి కట్టడాలను కూల్చింది. అదే నెలలో దుర్గం చెరువు పక్కన ఖరీదైన కాలనీల ఇళ్లకూ నోటీసులు అంటించారు, ఇంటి ధర చూసి ఆగలేదు. అమెరికాలో ఫ్లోరిడా తీరాన సర్ఫ్‌సైడ్‌లో సముద్రానికి ఎదురుగా ఉన్న పన్నెండంతస్తుల భవనంలో పెద్ద భాగం 2021 జూన్ 24న అర్ధరాత్రి దాటాక కూలి 98 మంది చనిపోయారు. అక్కడ నీళ్లు కాంక్రీటును ఏళ్ల తరబడి తింటున్నాయి, మరమ్మతు మాత్రం వాయిదా పడుతూ వచ్చింది. నీటి పక్కన సెల్లారు తవ్వే ప్రతి భవనానికీ ఆ బెడద ఉంటుంది.

బహదూర్‌పురా చుట్టుపక్కల చెరువు కనబడే ఫ్లాటు కొనబోయేవారికి ఒక మాట. నిబంధనల ప్రకారం పది హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువుకు ఎఫ్‌టీఎల్ గీత (చెరువు పూర్తిగా నిండినప్పుడు నీరు చేరే హద్దు) నుంచి 30 మీటర్లు, అంతకంటే చిన్న చెరువుకు 9 మీటర్లు ఖాళీగా వదలాలి. హెచ్‌ఎండీఏ చెరువుల వెబ్‌సైట్లో ఎఫ్‌టీఎల్ మ్యాపులు ఉన్నాయి, రెరాలో ప్రాజెక్టు నమోదు వివరాలు ఉన్నాయి. మీ వాటాకు వచ్చే నేల ఎన్ని గజాలో, వాననీళ్లు ఎటు పోతాయో, సెల్లారు మట్టం ఎంతో అడగండి. మోడల్ ఫ్లాటు చూసి మురిసిపోకుండా, ఆ సర్వే నంబరు ఎఫ్‌టీఎల్ గీతకు ఏ వైపున ఉందో తేల్చుకున్నాకే అడ్వాన్సు ఇవ్వండి.